3 కిల్స్, 17 డెత్స్: బాట్లు అయిపోయి మనుషులు మొదలైనప్పుడు

తమ్ముడూ, నువ్వు అడిగింది మిగతావాళ్ళ కోసం ముందు క్లుప్తంగా చెబుతాను. కొత్తగా ఫోన్‌లో కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ అనే తుపాకుల ఆట వేసుకున్నావు. మొదటి వారం ప్రతి మ్యాచ్‌లోనూ నువ్వే ఫస్టు. ఆ తర్వాత ఏమైందో తెలీదు, ఇప్పుడు మ్యాచ్‌కి 3 కిల్స్, 17 డెత్స్. టీమ్‌లోవాళ్ళు నూబ్, అంటే ఆట రానివాడు, అని తిడుతున్నారు. మనుషులతో ఆడాలంటే ఏ మోడ్‌తో (ఏ రకం మ్యాచ్‌తో) మొదలుపెట్టాలి, ర్యాంక్డ్‌లోకి (గెలుస్తూ ఓడుతూ మెట్లెక్కే మ్యాచ్‌ల్లోకి) ఎప్పుడెళ్ళాలి, ఫోన్ మార్చాలా అని అడిగావు. రాజోలు వైపు నుంచి నరసాపురం కాలేజీకి సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటెక్కి వెళ్తావు కాబట్టి సగం ఆట ఆ దారిలోనే అని కూడా రాశావు. ఆ సంగతి రాయడం మంచిదైంది, దాని గురించి చెప్పాల్సింది ఉంది.

ముందు ఆ మొదటి వారం లెక్క తేలుద్దాం. నువ్వు అప్పుడు చంపినవాళ్ళలో చాలామంది మనుషులు కాదు, బాట్లు, అంటే గేమే నడిపించే బొమ్మలు. కొత్త అకౌంట్లకీ, కింది ర్యాంకులకీ గేమ్ వాటినే ఎక్కువగా ఇస్తుంది. పేర్లు మనుషుల పేర్లలాగే ఉంటాయి కాబట్టి పోల్చుకోలేం. బాట్ నీ ఎదురుగా వస్తుంది, కాసేపు ఆలోచిస్తున్నట్టు నిలబడుతుంది, పక్కకి నాలుగు గుళ్ళు కాలుస్తుంది, చస్తుంది. గోడ చాటున కాచుకోదు, నీ వెనక్కి చుట్టూ తిరిగి రాదు. కాబట్టి నీ ఆట రాత్రికి రాత్రి పాడైపోలేదు. అసలు ఆట ఇప్పుడే మొదలైంది, అంతే.

నా సంగతి ఒక ముక్క. 2020 సెప్టెంబర్ 2న పబ్‌జీ మొబైల్‌ని నిషేధించినప్పుడు మా కుర్రాళ్ళలో సగం మంది ఫ్రీ ఫైర్‌కి, సగం మంది దీనికీ వచ్చారు. నేను రెండో గుంపు. భీమవరం నుంచి ఉండి వెళ్ళే దారిలో మాకు రొయ్యల చెరువులున్నాయి, రాత్రి కాపలా నాది. నీళ్ళకి గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతుంటాయి, మనకి పనుండదు, నిద్రపోకూడదు. అలా అలవాటైంది. మొదటి రెండు నెలలు నా స్కోరు నీకంటే ఘోరం. బొటనవేళ్ళు స్లో అనుకుని సెన్సిటివిటీ, అంటే వేలు జరిపితే గురి ఎంత తిరగాలన్న సెట్టింగు, రోజుకోసారి మార్చేవాణ్ణి. యూట్యూబ్‌లో ఎవరో పెట్టిన సెట్టింగు కాపీ కొట్టి, మర్నాడు ఇంకొకరిది.

ఒక రాత్రి విసుగొచ్చి, మేత లెక్కలు రాసే పుస్తకం వెనక పేజీలో నా చావులు రాసుకున్నాను. వరసగా 20. ఎలా చచ్చాను అన్నది ఒక్కొక్క మాటలో: వెనకనుంచి, మూల తిరుగుతూ, రీలోడ్ చేస్తూ, ఖాళీ రోడ్డు మీద పరిగెడుతూ, ఎదురుపడి ఓడి. ఎదురుపడి, ఇద్దరం ఒకేసారి చూసుకుని, వాడి గురి బాగుండి నేను ఓడినవి నాలుగే. మిగతా పదహారూ వాడు నన్ను ముందే చూశాడు, నేను చూడలేదు. అంటే పదహారుసార్లు నా బొటనవేలు ఎంత ఫాస్టయినా చచ్చేవాణ్ణే. వాడెక్కడినుంచి వస్తాడో నాకు తెలీకపోవడమే నా జబ్బు. నీది కూడా అదేనని పందెం కడతాను.

అందుకే మోడ్ విషయంలో నా సలహా మిగతావాళ్ళకి తేడాగా ఉంటుంది. అందరూ టీమ్ డెత్‌మ్యాచ్ (టీడీఎం)తో మొదలుపెట్టమంటారు. ఐదుగురు వర్సెస్ ఐదుగురు, చంపితే పాయింటు, చచ్చినా మళ్ళీ పుడతావు, రూల్ ఏమీ లేదు. వినడానికి తేలిక. కానీ రూల్ లేకపోవడమే కొత్తవాడికి కష్టం. పదిమంది మ్యాపంతా చెల్లాచెదురుగా తిరుగుతుంటే ఎవడు ఏ దిక్కునుంచి వస్తాడో నీకెలా తెలుస్తుంది? మ్యాచ్ అయ్యాక నేర్చుకున్నదేమిటంటే ఏమీ ఉండదు. టీడీఎం చెయ్యి వేడెక్కడానికి రోజుకి ఒకటో రెండో ఆడుకో, చాలు.

హార్డ్‌పాయింట్‌తో మొదలుపెట్టు. మ్యాప్‌లో ఒక్కచోట గీత గీసినట్టు ఒక గడి వెలుగుతుంది. అందులో మీ టీమ్‌వాళ్ళు ఉన్నంతసేపు మీకు పాయింట్లు. ఎదుటివాడు కూడా లోపల ఉంటే ఎవరికీ రావు. కాసేపటికి ఆ గడి ఇంకోచోటికి మారుతుంది. ఇందులో సుఖం ఏమిటంటే, పదిమందీ ఎక్కడికి వస్తున్నారో పదిమందికీ తెలుసు. తెలియాల్సింది ఏ దారిన వస్తారన్నదే. ఒక గదిలో గడి ఉందనుకో, దానికి రెండు తలుపులు, ఒక కిటికీ. ఆ మూడింటిలో రెండు నీ కంటికి కనబడేలా, వీపు గోడకానించి నిలబడితే, మూడోది ఒక్కటే అనుమానం. పదిసార్లు చచ్చేసరికి ఆ మూడోది కూడా తెలిసిపోతుంది. అలా ఒక్కో గడి, ఒక్కో మ్యాపు.

ఇంకో లాభం. చంపకపోయినా, గడిలో నిలబడినందుకు నీకు స్కోరు వస్తుంది. ఆ స్కోరుతో స్కోర్‌స్ట్రీక్‌లు, అంటే మ్యాచ్ మధ్యలో వాడుకునే సాయాలు, వస్తాయి. వాటిలో యూఏవీ అనే నిఘా విమానం పెట్టుకో. అది తక్కువ స్కోరుకే వస్తుంది, వేయగానే శత్రువులు మినీమ్యాప్‌లో (స్క్రీన్ మూలనుండే చిన్న మ్యాపులో) కనబడతారు, నీకే కాదు, టీమ్ మొత్తానికీ. 5 కిల్స్ చేసి మూడు యూఏవీలు వేసినవాడు 15 కిల్స్ చేసి గడి ముఖం చూడనివాడికంటే మ్యాచ్ గెలుపులో ఎక్కువ పనికొస్తాడు. నూబ్ అని తిట్టేవాడికి ఇది తెలీదనుకో, మ్యూట్ బటన్ ఉంది.

మినీమ్యాప్ మాట వచ్చింది కాబట్టి: సైలెన్సర్ లేని తుపాకీ పేలిస్తే ఆ పేల్చినవాడు ఎదుటివాళ్ళ మినీమ్యాప్‌లో ఎర్ర చుక్కగా కనబడతాడు. నువ్వు కాలిస్తే నువ్వూ కనబడతావు. మొదట్లో మనం ఆ మూలకి చూడనే చూడం. అమ్మ అన్నం కలుపుతూ పొయ్యి మీద పాలు ఎలా చూస్తుందో అలా, రెండు మూడు సెకన్లకొకసారి కన్ను అటు పోవాలి. సెట్టింగ్స్‌లో అవకాశం ఉన్నంతవరకు దాన్ని పెద్దది చేసుకో.

హార్డ్‌పాయింట్ నలభై యాభై మ్యాచ్‌లు అయ్యాక డామినేషన్‌కి రా. ఎ, బి, సి అని మూడు జెండాలు. ఎన్ని పట్టుకుంటే అంత వేగంగా పాయింట్లు. ఇక్కడ నేర్చుకోవాల్సింది స్పాన్, అంటే చచ్చినవాడు మళ్ళీ ఎక్కడ పుడతాడన్నది. న్యూక్‌టౌన్ తీసుకో. ఎదురెదురుగా రెండు ఇళ్ళు, మధ్యలో ఒక బస్సు, ఒక ట్రక్కు. బి జెండా ఆ మధ్యలోనే. కొత్తవాడు బి పట్టుకోగానే సంబరపడి, శత్రువు ఇంటి వెనకున్న మూడో జెండా కోసం పరిగెత్తుతాడు. వాడితోపాటు ఇంకో ఇద్దరు. మీవాళ్ళు ముగ్గురు వాళ్ళ పెరట్లో తిరుగుతుంటే గేమ్ వాళ్ళని అక్కడ పుట్టించదు కదా, తీసుకెళ్ళి మీ పెరట్లో పుట్టిస్తుంది. ఇప్పుడు మీ ముగ్గురి వీపులూ వాళ్ళవైపు ఉన్నాయి. 'వెనకనుంచి ఎలా వచ్చాడ్రా, హ్యాకరా' అని అరుస్తాం. హ్యాకరూ కాదు పాడూ కాదు, మనమే దారి ఇచ్చాం. రెండు జెండాలు పట్టుకుని మధ్యలో ఆగిపోతే వాళ్ళు ఎప్పుడూ ఎదురుగానే వస్తుంటారు. నాకు ఇది అర్థం కావడానికి నాలుగు నెలలు పట్టింది, ఎవడూ చెప్పలేదు.

సెర్చ్ అండ్ డిస్ట్రాయ్ మాత్రం ఇప్పుడే వద్దు. ఒక టీమ్ బాంబు పెట్టాలి, ఇంకో టీమ్ ఆపాలి, రౌండుకి ఒక్కటే ప్రాణం. కొత్తవాడు మొదటి పది సెకన్లలో చచ్చి మిగతా రౌండంతా ఇతరుల ఆట చూస్తూ కూర్చోవాలి. పైగా అది కళ్ళకంటే చెవులతో ఆడే ఆట. అడుగుల చప్పుడు ఎడమనుంచా, కుడినుంచా, పైనుంచా అన్నది తెలియాలి. రెండు చెవులకీ హెడ్‌ఫోన్స్ ఉండాల్సిందే.

నాకు దాంతోనే ఒకసారి తల తిరిగింది. కాపలాలో ఉన్నప్పుడు నేనెప్పుడూ ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాను, రెండో చెవి ఏరియేటర్లకి. ఒక రాత్రి సెర్చ్‌లో మావాళ్ళు నలుగురూ చచ్చి నేనొక్కణ్ణే మిగిలాను, అవతల ఒక్కడే. అడుగులు వినాలని రెండో చెవికి కూడా పెట్టేశాను. రౌండ్ గెలిచాను. ఇయర్‌ఫోన్ తీసేసరికి నిశ్శబ్దం. కరెంటు పోయి ఎంతసేపైందో తెలీదు, చెరువులో ఒక్క చక్రం తిరగడం లేదు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అసలే తక్కువుంటుంది. జనరేటర్ దగ్గరికి పరిగెత్తిన పరుగు ఏ మ్యాచ్‌లోనూ పరిగెత్తలేదు. రొయ్యలు బతికాయి కానీ మా నాన్నకి తెలిసిపోయింది, వారం రోజులు ఫోన్ ఆయన దగ్గరే. అప్పటినుంచి కాపలాలో హార్డ్‌పాయింటే. దానికి ఒక చెవి చాలు.

ఇంకో మాట, సెర్చ్ ఆడేటప్పుడు బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కంటే వైరున్నవే మేలు. చవకరకం బడ్స్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది, అడుగు వినబడేసరికి మనిషి వచ్చేసి ఉంటాడు.

ఇక చెయ్యి సంగతి. ఒక్క పని దగ్గరగా చూపిస్తాను: మూల తిరగడం. నీ పదిహేడు చావుల్లో ఐదారు ఇక్కడే అయి ఉంటాయి. నువ్వు పరిగెడుతూ గోడ చివరికొచ్చి మలుపు తిరుగుతావు. అవతలివాడు నడుస్తున్నాడు, లేదా నిలబడ్డాడు. పరిగెడుతున్నప్పుడు నీ తుపాకీ కిందికో పక్కకో ఉంటుంది. ఆగి, అది పైకొచ్చి, గుండు బయటికి రావడానికి సెకనులో చిన్న ముక్క పడుతుంది. ఆ చిన్న ముక్కలో వాడు మూడు గుళ్ళు దింపేస్తాడు. కాబట్టి మూలకి నాలుగడుగుల ముందే పరుగు ఆపు. నీ గురి చుక్కని ఆ గోడ అంచుమీదే, మనిషి గుండె ఎత్తులో పెట్టు. నేలమీద కాదు. కొత్తవాళ్ళ చుక్క ఎప్పుడూ నేలమీదే ఉంటుంది, కావాలంటే నీ రికార్డింగ్ చూసుకో. తర్వాత గోడకి అతుక్కోకుండా, కాస్త దూరంగా జరుగుతూ, కొంచెం కొంచెంగా తెరుచుకో. వాడు ఉంటే నీ చుక్కలోకే వస్తాడు. నువ్వు వేలు జరపాల్సిన పనే ఉండదు. గురి అని మనం అనుకునేదాంట్లో సగం ఇదే.

రెండోది రీలోడ్. ఒకణ్ణి చంపగానే వేలు దానంతటదే రీలోడ్ మీదికి పోతుంది. 30లో ఇంకా 18 ఉన్నా సరే. చచ్చినవాడి తోటివాడు సరిగ్గా అప్పుడే వస్తాడు. ముందు గోడ చాటుకి వెళ్ళు, తర్వాత రీలోడ్. నిజంగానే ఖాళీ అయిపోయి ఎదురుగా మనిషుంటే రీలోడ్ చేయకు, పిస్టల్‌కి మార్చు, అది తొందరగా వస్తుంది.

మూడోది, దెబ్బ తిన్నాక ఆగడం. ఈ ఆటలో ఒంట్లో ప్రాణం 100 ఉంటుంది, కాసేపు దెబ్బ తగలకుండా ఉంటే దానంతటదే నిండుతుంది. 20కి వచ్చినవాడు వెనక్కి జరిగి కాసేపు ఊపిరి పీల్చుకుంటే మళ్ళీ 100. కానీ మనకి రోషం. ఆ 20తోనే వాడిమీదికి పోతాం.

తుపాకీ గురించి పెద్దగా చెప్పను. మొదట్లో ఇచ్చే ఎం4 చాలా మంచి తుపాకీ. రీకాయిల్, అంటే కాల్చినప్పుడు తుపాకీ ఎగరడం, తక్కువ. దాంతో నెల రోజులు ఆడు. తుపాకీని మార్చుకునే గన్‌స్మిత్‌లో ఐదు అటాచ్‌మెంట్లు (తగిలించుకునే భాగాలు) పెట్టుకోవచ్చు, కానీ ఏదీ ఊరికే రాదు. ఒకటి రీకాయిల్ తగ్గిస్తే గురిపెట్టే వేగం తగ్గిస్తుంది, ఇంకోటి దూరం పెంచితే నడక నెమ్మదిస్తుంది. ప్రతి అటాచ్‌మెంటు కిందా రాసి ఉన్నది చదివి పెట్టు. స్నైపర్ జోలికి వెళ్ళకు. వీడియోల్లో చూసి ప్రతివాడూ స్నైపరే పట్టుకుంటాడు, గడిలోకి వెళ్ళేవాడు ఉండడు.

సెట్టింగ్స్‌లో ఇంకా సింపుల్ మోడ్‌లో ఉంటే, అంటే చుక్క మనిషి మీదికి రాగానే దానంతటదే కాలుస్తుంటే, ఈరోజే అడ్వాన్స్‌డ్‌కి మారు. వారం రోజులు నీ స్కోరు ఇంకా పడిపోతుంది, పడనీ. గ్రాఫిక్స్ తగ్గించి ఫ్రేమ్ రేట్ (సెకనుకి స్క్రీన్ మీద ఎన్ని బొమ్మలు మారతాయన్నది) పెంచు. సెన్సిటివిటీ ప్రాక్టీస్ రేంజ్‌లో ఒకసారి కుదుర్చుకో: ఒక్క వేలి తోపుతో వెనక్కి తిరగగలగాలి, అదే సమయంలో దూరంగా ఉన్న బొమ్మమీద చుక్క వణక్కుండా నిలవాలి. కుదిరాక నెలవరకు ముట్టుకోకు.

ఫోన్ మార్చక్కర్లేదు. ముందు చెమట సంగతి చూడు. మన దగ్గర ఆ ఉక్కకి బొటనవేలు స్క్రీన్‌కి పట్టుకుపోతుంది, చుక్క ఆగి ఆగి జరుగుతుంది. వేళ్ళకి తొడుక్కునే స్లీవ్స్ తక్కువ ధరకే దొరుకుతాయి. లేదంటే చిటికెడు పౌడరు. ఛార్జింగ్ పెట్టి ఆడటం, ఎండాకాలం మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఆడటం మానెయ్, వేడెక్కిన ఫోన్ దానంతటదే నెమ్మదిస్తుంది.

ఇప్పుడు పంటు. రేవు దగ్గర పింగ్, అంటే సర్వర్‌కి కబురు వెళ్ళి రావడానికి మిల్లీసెకన్లలో పట్టే టైము, 40 ఉంటుంది, గోదావరి మధ్యకి వచ్చేసరికి ఫోన్ ఈ ఒడ్డు టవరా ఆ ఒడ్డు టవరా అని తడుముకుంటూ 300కి పోతుంది. గోడ వెనక్కి వచ్చేశాక కూడా చచ్చాను అని రాశావు చూడు, అది ఇదే. నీ స్క్రీన్ మీద నువ్వు గోడ వెనక ఉన్నావు. కానీ ఆ కబురు సర్వర్‌కి చేరేలోపు అవతలివాడికి నువ్వింకా బయటే కనబడుతున్నావు. వాడు కాల్చాడు, సర్వర్ ఒప్పుకుంది. వాడి తప్పు లేదు, నీ తప్పూ లేదు. పైగా నీకు జైరో ఆన్‌లో ఉందన్నావు. ఫోన్ తిప్పితే గురి తిరిగే సెట్టింగు అది. పంటు ఊగితే గురీ ఊగుతుంది! కాబట్టి నీ 17 డెత్స్‌లో ఎన్ని నీవో, ఎన్ని పంటువో ముందు వేరుచెయ్. పంటుమీద ఆడాలనిపిస్తే ప్రాక్టీస్ రేంజ్ తెరువు, లేదా బాట్లతో ఆడు. నాలాంటివాడి మాట వింటే గోదావరి చూడు, అది కూడా బాగానే ఉంటుంది.

ర్యాంక్డ్ సంగతి. రూకీ, వెటరన్, ఎలైట్, ప్రో, మాస్టర్, గ్రాండ్ మాస్టర్, లెజెండరీ, ఇదీ వరస. కింది మెట్లలో మళ్ళీ బాట్లే ఎక్కువ కాబట్టి చకచకా ఎక్కేస్తావు, తర్వాత మనుషులు తగిలి దబ్బున ఆగిపోతావు. ఇప్పుడు పడ్డ బాధే మళ్ళీ, పైగా ఓడితే పాయింట్లు పోతాయి. నేను పెట్టుకున్న గుర్తు ఒకటే: చచ్చిన ప్రతిసారీ, మళ్ళీ పుట్టేలోపు 'ఎందుకు చచ్చాను' అన్నదానికి జవాబు చెప్పగలుగుతున్నావా? పదిలో ఏడెనిమిదిసార్లు చెప్పగలిగితే వెళ్ళు. స్కోరు ఎంతున్నా పర్లేదు. చెప్పలేకపోతే, 20 కిల్స్ వచ్చినా ఆగు.

నీ ఫ్రెండ్స్ బీజీఎంఐకి (పబ్‌జీకి ఇండియా రూపం) రమ్మంటున్నారన్నావు కదా. వెళ్ళొచ్చు. అక్కడ కూడా టీడీఎం ఉంది, వేర్‌హౌస్ మ్యాపులో నలుగురు వర్సెస్ నలుగురు, ముందు 40 కిల్స్ చేసినవాళ్ళది గెలుపు. రీకాయిల్ నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు. కానీ వందమంది దిగే క్లాసిక్‌లో ఇక్కడిలా ఒళ్ళు దానంతటదే నిండదు, బ్యాండేజ్ కట్టుకోవాలి, చస్తే ఇంటికే. ఓపిక వేరే రకం. ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో క్లాష్ స్క్వాడ్ అని నలుగురు నలుగురు ఆడేది ఉంది, ప్రతి రౌండుకి ముందు ఉన్న డబ్బుల్లోంచి తుపాకీ కొనుక్కోవాలి, నాలుగు రౌండ్లు ముందు గెలిచినవాళ్ళది మ్యాచ్. అందులో గ్లూ వాల్, అంటే అప్పటికప్పుడు అడ్డంగా లేపుకునే గోడ, వేయడమే సగం విద్య. మూడూ ఒకేసారి మొదలుపెడితే మాత్రం ఏదీ రాదు, బటన్ల చోట్లే కలగాపులగం అవుతాయి.

స్కిన్స్ (తుపాకీకీ మనిషికీ వేసే రంగు వేషాలు) కొనాలా అంటే నీ డబ్బు, నీ ఇష్టం, గురి మాత్రం దాంతో రాదు. మీ ఊళ్ళో ఎవరో ఎంట్రీ ఫీజు పెట్టి కస్టమ్ రూములు (పిలిచినవాళ్ళే ఆడే ప్రైవేటు మ్యాచ్‌లు) నడుపుతున్నారని రాశావు, దాంట్లోకి వెళ్ళకు. డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆన్‌లైన్ ఆటల్ని కేంద్రం 2025లో చట్టం చేసి నిషేధించింది. ఈ-స్పోర్ట్స్‌ని అదే చట్టం గుర్తించింది, అది వేరు. కొత్తవాడివి, నీ 50 రూపాయలు వాళ్ళకి చేపల మేత.

చివరగా మాట్లాడటం. నలుగురు ఊరివాళ్ళు కలిసి ఆడితే గట్టి టీమే, కానీ మన కుర్రాళ్ళు మైకులో ఏమంటారంటే: 'అదిగో అక్కడ్రా! అక్కడ! చూడ్రా!' ఎక్కడ? వాడి స్క్రీన్ నాకు కనబడదు కదా. మా నలుగురం ప్రతి మ్యాపుకీ పేర్లు పెట్టుకున్నాం: మేడ, బస్సు, పెరడు, అరుగు. 'బస్సు వెనక ఇద్దరు, ఒకడికి దెబ్బ తగిలింది.' అంతే, ఆపై నోరు మూసుకోవాలి, అడుగులు వినబడాలి. మాలో ఒకడికి చచ్చాక కూడా కామెంటరీ చెప్పే అలవాటు ఉంది, వాణ్ణి సెర్చ్‌కి పిలవం.

ఈ వారం హార్డ్‌పాయింట్ ఆడి, నీ 20 చావులు కాగితం మీద రాసి ఇక్కడే పెట్టు. పంటుమీదవి లెక్కలోకి రావు. శనివారం రాత్రి పది దాటాక, చివరి మేత వేశాక నేను ఆన్‌లైన్‌లోనే ఉంటాను, కలిసి నాలుగు మ్యాచ్‌లు ఆడదాం. మధ్యలో చెప్పకుండా మాయమైతే మాత్రం ఏమీ అనుకోకు, మా దగ్గర కరెంటు పోయి ఉంటుంది.